ఋణం తీరిన ఇల్లు – గృహస్థుని కర్తవ్యం



తిరుమల కొండనెక్కి శ్రీనివాసుని దర్శించుకొనే మనలో ప్రతి ఒక్కరికీ ఆయన వడ్డికాసులవాడన్న సంగతి తెలిసినదే. పద్మావతీదేవిని వివాహమాడే సందర్భంలో చేతిలో ధనం లేక, బ్రహ్మ రుద్రులు సాక్షులుగా స్వామి కుబేరుని వద్ద ఋణం తీసుకొన్నాడనీ, కలియుగాంతానికి తీర్చగలనని పత్రం వ్రాసి ఇచ్చాడనీ వేంకటాచల మాహాత్మ్యం చెబుతున్నది. జగత్తుకంతటికీ ఇచ్చేవాడు మరొకరి వద్ద పుచ్చుకొనడమేమిటని శంకించేవారున్నారు. దీనికి పెద్దలు చెప్పిన సమాధానాలు అనేకం. మన ప్రస్తుత విషయానికి కావలసినది మాత్రం ఒక్కటే. శుభకార్యం నిమిత్తమై, సాక్షుల ఎదుట, గడువు చెప్పి తీసుకొన్న అప్పు పాపకార్యం కాదు. తలదాచుకొనే ఇంటి కొరకు బ్యాంకులో అప్పు చేసిన గృహస్థుడు సిగ్గుపడవలసిన పని లేదు.

అయితే స్వామివారి అప్పుకు కలియుగాంతం గడువు. మన అప్పుకు ఇరవై సంవత్సరాలు గడువు. ఆ ఇరవై సంవత్సరాలనూ పన్నెండుకు కుదించి, కడుపు కట్టుకొని తీర్చివేసిన కుటుంబాలు ఈ సభలోనే కొన్ని ఉన్నవి. అటువంటి ఒక గృహస్థు ఒకనాడు ఉపన్యాసం ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, "అప్పు ఉన్నంతకాలం ఒకటవ తేదీ వస్తున్నదంటే భయంగా ఉండేది. ఇప్పుడు ఒకటవ తేదీ వస్తే ఏమి చేయాలో తోచడం లేదు. ఇక ఏమి చేయమంటారు?" అని అడిగారు. ప్రశ్న చిన్నదే. కాని చాలామంది దానిని అడగరు. అడగకుండానే మరుసటి నెలలో ఇంకొక అప్పు తెచ్చుకొంటారు. అందుచేత ఈనాటి ప్రసంగాన్ని ఆ ప్రశ్నకే వినియోగించదలచాను.

మొదట ఈ ముందస్తు చెల్లింపులో జరిగేదేమిటో లెక్క చూద్దాం. లెక్క తెలియనిదే మిగిలిన సొత్తు విలువ తెలియదు. 20 లక్షల రూపాయలు, నూటికి 9 చొప్పున సాలుసరి వడ్డీ, 20 సంవత్సరాల గడువు అనుకొనండి. నెలవారీ వాయిదా సుమారు 17,995 రూపాయలు. అందులో మొదటి నెల వడ్డీకి పోయేది 15,000. అసలుకు జమపడేది 2,995 మాత్రమే. ఇట్లు 240 నెలలు చెల్లించినవాడు మొత్తం 43 లక్షలకు పైగా కడతాడు. అందులో వడ్డీయే 23 లక్షలకు పైగా ఉంటుంది. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలుకు మించరాదని మనుస్మృతి నియమం. నెలనెలా చెల్లించే వాయిదాలకు ఆ నియమం వర్తించదని వ్యాఖ్యాతలు చెబుతారు. బ్యాంకులకు అదొక సౌకర్యం!

ఇప్పుడు అదే గృహస్థు ప్రతి నెల 5,000 రూపాయలు అదనంగా అసలుకు జమకట్టించాడనుకొనండి. అప్పు 142 నెలలలో, అనగా పదకొండు సంవత్సరాల పది నెలలకే తీరిపోతుంది. చెల్లించిన వడ్డీ పన్నెండున్నర లక్షలు. మిగిలినది పది లక్షలకు పైగా. వడ్డీరేటు మారుతూ ఉండే గృహఋణాలపై వ్యక్తుల వద్ద ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని భారతీయ రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించి ఉన్నది గనుక దీనికి అడ్డంకి కూడా లేదు. ధనం మాట అటుంచి, చేతికి వచ్చిన 98 నెలల కాలాన్ని చూడండి. ఆ నెలలలో బ్యాంకుకు పోవలసిన 22,995 రూపాయలు ఇంటిలోనే ఉంటవి. అన్నిటినీ కూడితే, వడ్డీ మాట లేకుండానే, 22 లక్షలు దాటుతుంది.

ఈ అదనపు ఐదువేలు ఎక్కడనుండి వచ్చినవి? జీతం పెరిగినప్పుడు ఖర్చు పెంచకుండా ఆపినవి కొన్ని. ఇల్లాలు పండుగకు పట్టుచీర వద్దని నూలుచీరతో సరిపెట్టుకొన్నవి కొన్ని. సాయంకాలం వేళ ట్యూషన్లు చెప్పియో, అదనపు పని గంటలు చేసియో సంపాదించినవి కొన్ని. బడి వారు విహారయాత్రకు తీసుకొని వెళ్తుంటే మన పిల్లవాడు వెళ్ళకుండా ఆగిపోయినది కూడా ఈ లెక్కలో ఉన్నది. అందుచేత "నేను తీర్చాను" అనే యజమాని మాట నిజం కాదు. ఇంటిల్లిపాదీ తీర్చారు. ఇక ముందు ఏమి చేయాలన్న నిర్ణయం కూడా ఇంటిల్లిపాదీ కూర్చుండి చేయవలసినదే.

అన్నిటికంటె ముందు కాగితాలు. అప్పు తీరిన మరునాడే సత్యనారాయణ వ్రతం చేసుకొంటారు. మంచిదే. కాని ఇంటి దస్తావేజులు మాత్రం ఏడాది గడిచినా బ్యాంకు బీరువాలోనే ఉంటవి. భద్రాచల రామదాసుగారి కథ గుర్తున్నది కదా! పాల్వంచ తహశీల్దారుగా ఉండిన కంచర్ల గోపన్న ప్రభుత్వపు పైకం వెచ్చించి ఆలయం కట్టించడం, గోలకొండ కారాగారంలో పన్నెండేండ్లు మగ్గడం, చివరకు రామలక్ష్మణులే తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించడం మనం చిన్ననాటినుండి విన్నదే. అంత ధనం చెల్లించిన శ్రీరామచంద్రమూర్తి ఊరకే వెళ్ళిపోలేదు. రశీదు వ్రాయించుకొని, దానిని రామదాసు తలాపున ఉంచి మరీ వెళ్ళాడని కథ. పరమాత్మకే రశీదు అవసరమైనప్పుడు మనకు అక్కరలేదా?

2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తరువు చేసినది. ఋణం పూర్తిగా తీరిన 30 రోజులలోపల అసలు దస్తావేజులన్నీ తిరిగి ఇవ్వాలి. బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఋణగ్రహీతకు పరిహారం చెల్లించాలి. ఆ సంవత్సరం డిసెంబరు 1వ తేదీనుండి ఇది అమలులోకి వచ్చినది. కాబట్టి బాకీ లేదన్న పత్రం తీసుకొనండి. దస్తావేజులను, వాటి లింకు పత్రాలతో సహా, పుట పుట సరిచూచుకొనండి. తాకట్టును రిజిస్టరు చేసి ఉంటే దాని రద్దును కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించి, ఆపైన ఈ.సి. తీసి చూడండి. ఋణంతో ముడిపడిన బీమా ఋణంతోనే ముగిసినదా, ఇంకా కొనసాగుతున్నదా అని కూడా విచారించవలెను.

ఆ పిమ్మట వీలునామా. ఈ మాట ఎత్తగానే కొందరు అశుభమని చెవులు మూసుకొంటారు. ఇంటి యజమాని వీలునామా వ్రాయకుండా గతిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని స్వార్జితమైన ఇల్లు తల్లికి, భార్యకు, కుమారులకు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది. సమానత్వంలో దోషమేమీ లేదు. కాని వృద్ధురాలైన భార్య తన ఇంటిలోనే నాలుగింట ఒక భాగానికి యజమానురాలై, మిగిలిన భాగాల వారు ఎప్పుడు అమ్మమంటారో అని ఎదురుచూచే పరిస్థితి రాకూడదు. తెల్లకాగితంమీద వ్రాసి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే వీలునామా చెల్లుతుంది. రిజిస్ట్రేషను చేయించడం మంచిదే గాని తప్పనిసరి కాదు. అన్నదమ్ముల పిల్లలు కోర్టులకెక్కి, తాతగారి తద్దినంనాడు కూడా పలుకరించుకొనని ఇండ్లను ఎన్నింటినో చూశాము. అరగంట పనితో దానిని తప్పించగలిగితే అది అశుభమెట్లా అవుతుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. మహాభారతం అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును, లోకంలో ఎవడు సుఖంగా ఉన్నవాడు అని ప్రశ్నిస్తాడు. కూరాకు వండుకొని తిన్నా సరే, అప్పు లేకుండా, పరదేశాలపాలు కాకుండా, తన ఇంటిలో తానున్నవాడే సుఖి అన్నది ధర్మరాజు సమాధానపు తాత్పర్యం. ఈ మాట అన్ననాటికి ధర్మరాజుకు ఇల్లు లేదు, రాజ్యం లేదు. పన్నెండేండ్ల వనవాసం చివరికి వచ్చి ఉన్నాడు. తమ్ములు నలుగురూ ఎదుట విగతజీవులై పడి ఉన్నారు. ఇల్లు పోగొట్టుకొన్నవాని నోట వచ్చిన మాట గనుకనే దానికి అంత బరువు.

అప్పు లేకపోవడమంటే బ్యాంకు అప్పు లేకపోవడమేనా? పుట్టుకతోనే మనిషి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో పుడుతున్నాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. శతపథ బ్రాహ్మణం మనుష్యఋణమని నాల్గవదానిని కూడా చేర్చినది. బ్యాంకు వాయిదా ఒక నెల తప్పితే ఫోను వస్తుంది, జాబు వస్తుంది. ఈ నాలుగు ఋణాలకు ఎవరూ జాబు వ్రాయరు. అందుచేత వాటిని వెనుకకు నెట్టడం సులభం. పన్నెండేండ్లు అప్పు తీర్చిన ఇంటిలో నెట్టబడినవి చూస్తే చాలావరకు ఇవే.

దేవఋణాన్ని గురించి ఆస్తికులైన మీకు నేను చెప్పవలసినది లేదు. ఋషిఋణం తీరేది అధ్యయనంతో. సాయంకాలపు ట్యూషన్లు అప్పుకోసం చెప్పినవారు, అప్పు తీరిన తరువాత వాటిని పూర్తిగా మానక, ఫీజు కట్టలేని ఇద్దరు పిల్లలకు ఊరకే చెబితే ఆ ఋణానికి అదే చెల్లు.

పితృఋణం దగ్గర కొంచెం ఆగవలెను. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుని తల్లి, గృహప్రవేశమైన సంవత్సరమే కాశీయాత్ర కోరినది. "అప్పు తీరనీ అమ్మా, తీరగానే మొదటి ప్రయాణం అదే" అన్నాడు కుమారుడు. అబద్ధమాడలేదు. అప్పు తీరిన వారంలోనే రైలు టిక్కెట్లకు సిద్ధపడ్డాడు. కాని ఆ వారానికి ఆమెకు డెబ్బది తొమ్మిదేండ్లు. మోకాళ్ళు వంగవు. గుమ్మం దాటి వీధి అరుగుమీదకు రావడానికే చేయూత కావలెను. గంగ మెట్లు దిగడం కలలో మాట. ఆ ఉపాధ్యాయుడు తన దస్తావేజులను తల్లి మంచంమీద పెట్టి చిన్నపిల్లవానివలె ఏడ్చాడు.

అతనికి ఒక వృద్ధపండితుడు ఉపాయం చెప్పారు. శ్రీనాథ మహాకవి రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండం ఏడు ఆశ్వాసాలు. దానిని ప్రతి సాయంకాలం తల్లికి చదివి అర్థం చెప్పమన్నారు. ట్యూషన్ల వేళ ఇప్పుడు ఖాళీయే కదా! అతడు చదువనారంభించాడు. మణికర్ణిక ఎటు, విశ్వేశ్వరుని గుడి ఎటు అని తల్లి అడిగితే సుద్దముక్కతో నేలమీద గీచి చూపేవాడట. గుణనిధి కథ దగ్గరకు వచ్చినప్పుడు, కొడుకు జూదమాడుతున్న సంగతి తండ్రికి తెలియకుండా తల్లి కప్పిపుచ్చిన ఘట్టాన్ని ఆమె మరల చదివించుకొని, "పాపం, ఆమెను అనవద్దురా" అన్నదట. గ్రంథం పూర్తి కావడానికి పదునాలుగు నెలలు పట్టినది. చెంబులో గంగాజలం తెప్పించి ఆమె చేత అభిషేకం చేయించాడు. యాత్ర చేసినట్లే అని నేను అనను. యాత్ర యాత్రయే. కాని చేయగలిగినది చేయకుండా ఏడుస్తూ కూర్చోలేదు.

ఇంకా అప్పు తీరుస్తూ ఉన్న యువకులకు ఈ సందర్భంలోనే ఒక మాట. తల్లిదండ్రులు డెబ్బది దాటి ఉంటే, ఒక ఏడాదిపాటు ఆ అదనపు ఐదువేలు ఆపి వారిని యాత్రకు తీసుకొని వెళ్ళండి. అప్పు తీరడం కొన్ని నెలలు వెనుకబడుతుంది. బ్యాంకు ఎక్కడికీ పోదు.

మనుష్యఋణం అతిథి సేవతో తీరేది. అప్పు రోజులలో చుట్టాలు వస్తామంటే "ఇంట్లో ఎవరం ఉండటం లేదు" అని తప్పించుకొన్న సందర్భాలు ఉంటవి. వారిని పేరుపేరునా పిలువండి. పల్లెనుండి ఆసుపత్రికి వచ్చి పట్టణంలో ఉండే చోటు లేని బంధువుకు నాలుగు రోజులు గది ఇవ్వండి. ఇల్లు కట్టినది దాని కొరకు కూడా.

ఇప్పుడు ధన విషయం. నెలకు మిగిలే ఆ 22,995 రూపాయలకు ఒక మార్గం శ్రీమద్భాగవతం అష్టమ స్కంధంలో దొరుకుతుంది. వామనునికి మూడడుగులు ధారపోయబోతున్న బలిచక్రవర్తిని శుక్రాచార్యుడు వారిస్తూ, విత్తాన్ని ఐదు భాగాలు చేసి ధర్మానికి, యశస్సుకు, తిరిగి అర్థవృద్ధికి, భోగానికి, స్వజనానికి వినియోగించేవాడు ఇహపరాలలో సుఖపడతాడని హితవు చెప్పాడు. బలి ఆ మాట వినలేదు. సర్వస్వమూ ఇచ్చి, భగవంతుడే తన ద్వారం కాచే భాగ్యం పొందాడు. మనం బలిచక్రవర్తులం కాము. పెండ్లికి ఎదిగిన పిల్లలున్నవారికి, పింఛను లేని ఉద్యోగులకు శుక్రనీతియే శరణ్యం.

ఐదు భాగాలు సమానంగా ఉండవలెనని నియమం పెట్టుకొనవద్దు. త్వరగా అప్పు తీర్చాలన్న పట్టుదలతో ఉన్న పొదుపంతా ఊడ్చి బ్యాంకులో పోసినవారు ఎందరో ఉన్నారు. వారికి ఇల్లు ఉన్నది, ఇంటిలో గింజ లేదు. ఇల్లు ఆపదలో వెంటనే అక్కరకు వచ్చేది కాదు. గోడ ఇటుకలు తీసి ఆసుపత్రి బిల్లు కట్టలేము. అటువంటివారు ముందుగా ఆరు నెలల ఇంటి ఖర్చు చేతికందేచోట నిలువచేసుకొని, ఆరోగ్యబీమా చూచుకొని, ఆ తరువాతనే తక్కిన భాగాల మాట ఎత్తవలెను. ఏబది దాటినవారికి అర్థభాగం పెద్దదిగానే ఉండవలెను.

ధర్మభాగాన్ని పండుగకు ఒకసారి కాక నెలనెలా, వాయిదావలెనే, ఒకటవ తేదీన తీసి పక్కన పెట్టండి. పన్నెండేండ్లుగా మీకు అలవాటైన తేదీ అది. అన్నదానమో, ఒక పేద విద్యార్థి పుస్తకాలో, గోసేవయో, మీ ఇష్టం. యశోభాగమంటే దేవాలయంలో ట్యూబులైటు ఇచ్చి, వెలుతురుకు చోటు లేకుండా దానిమీద దాత పేరు వ్రాయించుకొనడం కాదు. పుట్టిన ఊరి బడికో, మంచినీటికో ఉపయోగపడి, పదిమంది మంచి అనుకొనే పని.

భోగభాగం దగ్గర కొందరు భక్తులు సందేహిస్తారు. సందేహించనవసరం లేదు. శుక్రాచార్యుడు దానిని మానమనలేదు. నూలుచీరతో పన్నెండు పండుగలు గడిపిన ఇల్లాలికి ఆ పట్టుచీర ఇప్పుడు కొనిపెట్టండి. విహారయాత్ర మానుకొన్న పిల్లవాడు ఈపాటికి పెద్దవాడై ఉంటాడు. అయినా సరే, తీసుకొని వెళ్ళండి. అప్పు రోజులలో అలవాటైన బిగువు అప్పు తీరినా వదలక, దీపం బుడ్డిలో చమురు చూచుకొంటూ బ్రతికేవారున్నారు. అది వైరాగ్యం కాదు, భయం.

ఇంకొకవైపు, అప్పు తీరిందో లేదో రెండవ ఫ్లాటుకు బయానా ఇచ్చేవారు. వాయిదా కట్టే శక్తి రుజువైనది గనుక ఋణమిస్తామని ఫోనులు కూడా వస్తవి. వారికి నేను చెప్పేది, ఒక సంవత్సరం ఆగండి. అప్పు లేని ఉగాది ఒకటి, అప్పు లేని దీపావళి ఒకటి ఆ ఇల్లు చూడనీయండి.

ఉద్యోగం మానివేయవచ్చునా అని కూడా అడుగుతున్నారు. నలుబది ఎనిమిదేండ్లవాడు అప్పు లేదన్న ధైర్యంతో రాజీనామా చేసి దైవచింతనలో కాలం గడపాలనుకొనడం ప్రశంసనీయమే. అయితే దేహం ముడుతలు పడి, తల నెరసి, మనుమని చూచిన గృహస్థుకు మనుస్మృతి వానప్రస్థం చెప్పినది. పిల్లల చదువు మధ్యలో ఉన్నవానికి చెప్పలేదు. మొదట మానవలసినది ఉద్యోగాన్ని కాదు, అప్పు కొరకు తలకెత్తుకొన్న రెండవ పనిని. ఆ రెండు గంటలు చేతికి రానీయండి. సంధ్యావందనం, పారాయణం, భార్యాపిల్లలతో కలిసి భోజనం ఆ రెండు గంటలలో ఇముడుతవి. ఇమిడిన తరువాత కూడా ఉద్యోగం అడ్డమనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చును.

చివరగా మిగిలినది చేబదులు. ఏ ఇల్లూ కేవలం బ్యాంకు అప్పుతో లేవదు. స్థలం కొన్ననాడు తోడబుట్టిన అక్క ఇచ్చిన నాలుగు తులాల గాజులు ఉంటవి. బావమరిది ఇచ్చిన లక్ష ఉంటుంది. వీటికి పత్రం లేదు, వడ్డీ లేదు, అందుచేత బ్యాంకు అప్పు ముందు తీరి ఇవి వెనుకపడినవి. అక్క అడుగలేదు, అడుగదు. మీరు అద్దె ఇంటినుండి సొంత ఇంటికి మారిననాడు ఆమె బోసి చేతులతోనే వచ్చి హారతి పట్టినది. ఆనాటి ధర కట్టి రూపాయలు ఇచ్చివేయడం న్యాయం కాదు. బంగారం ధర అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగినదో మీకు తెలుసు. తూకానికి తూకం, నాలుగు తులాలకు నాలుగు తులాలు చేయించండి. ఒకేసారి కుదరకపోతే ఆరు నెలలకు ఒక తులం చొప్పున కూడబెట్టండి. మొదటి జత సిద్ధమైన రోజున పళ్ళెంలో పసుపు, కుంకుమ, రవికగుడ్డతో పెట్టుకొని, దంపతులిద్దరూ ఆమె ఇంటికే వెళ్ళి ఇచ్చి రండి.